ఉప్పు లేని దుంపలు

జోంబా
జూన్ 4

మామయ్యకి ఎలుబె నమస్కారాలు.

మీరు ఫోను ఎత్తరు. ఎత్తితే ఒకసారి "ఊఁ" అంటారు, కాసేపాగి ఇంకోసారి "ఊఁ" అంటారు. ఆ తర్వాత గాలి చప్పుడు. అందుకని ఈ ఉత్తరం మీ ఊరికి ఎండుచేపలు అమ్మకానికి తెచ్చే నాబాండా అత్త బుట్టలో పంపుతున్నాను. వాసన వస్తే నన్ను కాదు, చేపల్ని తిట్టండి.

ఒక సంతోషమైన కబురు. జ్వరం పరీక్షలు చేసే జట్టులో చేరాను. జీతం లేదు. వాలంటీరుని, ఒకప్పుడు మీరూ నాన్నా చేసినట్టే. వేలికొసన సూదితో గుచ్చి, ఒక్క చుక్క నెత్తురు తీసి, మలేరియా ఉందో లేదో పావుగంటలో చెప్పేస్తాం. వచ్చే నెల మా జట్టు ములాంజే కొండకి మీ వైపున్న ఊళ్ళకి వస్తోంది. జాబితాలో మన నముందా లేదు. నేనే పట్టుబట్టి వేయించాను.

మీ ఇంట్లోనే దిగుతాను. నాకు కందులు ఉడకబెట్టి పెట్టండి, గుమ్మడాకు కూర పెట్టండి, కబుర్లు మాత్రం నేనే చెబుతాను లెండి. మీరు వింటే చాలు. ఆకలి ఏడాది మీరిద్దరూ ఒకే సైకిలు మీద ఊరూరా తిరిగి పిల్లల్ని కొలిచేవారని అమ్మ చెప్పేది. నాన్న తొక్కేవాడట, మీరు వెనకాల పుస్తకం పట్టుకుని కూర్చునేవారట. అంతకుమించి ఏం అడిగినా, "తర్వాత జోహానెస్‌బర్గ్ గనులకి వెళ్ళాడు, అంతే" అనేది. అమ్మ పోయి రెండేళ్ళవుతోంది. ఇక ఆ రోజుల సంగతి చెప్పగలిగింది మీరొక్కరే.

మీ మేనకోడలు
ఎలుబె


నముందా
జూన్ 11

ఎలుబె తల్లికి,

ఉత్తరం అందింది. చేపలు కూడా బాగున్నాయి.

ఇప్పుడు రావద్దు. వాగు మీద వంతెన పోయింది. మా ఇంటి కప్పు కారుతోంది. కొండ మీంచి మంచుజల్లు మొదలైంది, నీకు దగ్గు పట్టుకుంటుంది. ఊరి పెద్దకి ఒంట్లో బాగాలేదు, పరీక్షలకి ఒప్పుకోవాల్సింది ఆయనే కదా.

వచ్చే ఏడు చూద్దాం.

మామయ్య
లాకిసన్


జోంబా
జూన్ 19

మామయ్యా,

మీకు అబద్ధం ఆడటం చేతకాదు. ఒకటి ఆడి ఊరుకుంటే నమ్మేదాన్ని. నాలుగు ఆడారు.

నాబాండా అత్తని నిలబెట్టి అడిగాను. "వంతెనా? నిన్న ఆ వంతెన మీదే కదే నెత్తిన బుట్ట పెట్టుకుని వచ్చాను! ఇల్లా? మొన్న మే నెలలో కొత్త గడ్డి కప్పించాడు మీ మామ. పెద్దాయనా? రాయిలా ఉన్నాడు, నా దగ్గర చేపలు బేరమాడి మరీ కొన్నాడు" అంది. తర్వాత గొంతు తగ్గించి, "అయినా సూదులు పట్టుకుని అటు వెళ్ళకే పిల్లా" అంది. ఎందుకని అడిగితే బుట్ట ఎత్తుకుని వెళ్ళిపోయింది.

తర్వాత మా జట్టులో ఎవరో చెప్పారు. మీ వైపు మళ్ళీ అనామపోపా పుకారు లేచిందటగా. మనుషుల నెత్తురు పీల్చి ఎక్కడికో పంపేవాళ్ళు తిరుగుతున్నారని. మావాళ్ళంతా ఒకటే నవ్వు. "ఎలుబే, నీ కోరలు చూపించవే" అని ఆట పట్టిస్తున్నారు. మీరూ అది నమ్మే నన్ను రావద్దంటున్నారా? పుస్తకం పట్టుకుని పేర్లు రాసిన మనిషి, మీరు కూడానా?

నేను వస్తున్నాను. తేదీ కూడా పడింది. జూలై 24.

ఎలుబె


నముందా
జూన్ 27

ఎలుబె తల్లికి,

వంతెన సంగతి అబద్ధమే. మిగతావీ అంతే. తప్పయింది.

నవ్వొద్దని మీవాళ్ళకి చెప్పు. పక్క ఊళ్ళో మోటారు సైకిలు తగలబెట్టారు. దాని మీద వచ్చినతను నీటి గొట్టాలు బాగుచేసేవాడు. సంచీలో రబ్బరు గొట్టం కనబడింది, అంతే. చెయ్యి విరిచారు. ప్రాణంతో బయటపడ్డాడు, అదృష్టం. మా ఊరి దారికి అడ్డంగా కర్ర కట్టారు. వచ్చేపోయేవాళ్ళ సంచులు విప్పి చూస్తున్నారు. కర్ర దగ్గర కూర్చునేవాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, నాకు పొలంలో సాయం చేసేవాళ్ళే. భయం వాళ్ళది.

నేను నమ్మను. కానీ అది ఎలా పుడుతుందో చూశాను. చెబుతాను, ఇదొక్కటీ విని ఆగిపో.

ఆకలి ఏడాది జనం మొక్కజొన్న తవుడు తిన్నారు. పచ్చి మామిడికాయలు ఉడకబెట్టుకు తిన్నారు. తర్వాత అరటి దుంపలు తవ్వారు. అప్పుడు లారీలు వచ్చాయి. మాకు ఒక రంగుల పట్టీ ఇచ్చారు. పిల్లల జబ్బకి చుట్టాలి. పచ్చ దగ్గర ఆగితే ఫరవాలేదు, పసుపైతే కనిపెట్టి ఉండాలి. ఎరుపైతే పిండి, నూనె. మీ నాన్న చుట్టేవాడు, నేను పేరు రాసేవాణ్ని. మీ నాన్న పిల్లల్ని నవ్వించేవాడు. "ఏదీ పహిల్వానూ, నీ కండ చూపించు" అనేవాడు. పుల్లలాంటి చెయ్యి చాపి వాళ్ళు నవ్వేవారు. నేను తల ఎత్తేవాణ్ని కాదు.

ఎరుపు వచ్చిన పిల్లలు చాలామంది లారీ వచ్చేలోపే పోయేవారు. అప్పటికే బాగా చిక్కిపోయి ఉండేవారు కదా. ఊరివాళ్ళు దాన్ని వేరేగా చూశారు. మీ నాన్న మలిసెని పట్టీ ఎవరికి ఎర్రబడితే వాళ్ళు వారంలో పోతున్నారు, ఆ ఎరుపు ఎక్కడిది అని.

లారీ వచ్చేది, బస్తాలు దింపేది, పోయేది. బస్తాల మీద మాకు రాని అక్షరాలు. ఎవరు పంపారో, ఎందుకు పంపారో ఒక్కరూ చెప్పలేదు. ఒక ముసలావిడ నా బల్ల దగ్గరికొచ్చి అడిగింది. "ఏం నాయనా, ఇంత పిండి ఊరికే ఎందుకిస్తారు? మన దగ్గర పట్టుకుపోయేదేంటి?" ఏమీ లేదమ్మా అంటే సరిపోయేది. నాకు నలుగురిలో మాట పెగలదు. రాసుకుంటూ కూర్చున్నాను. ఆవిడ వెనక్కి తిరిగి, "చూశారా, నోరు విప్పడు" అంది.

అక్కడ మొదలైంది తల్లీ.

మీ నాన్న గనులకి వెళ్ళలేదు. ఇంతకంటే అడక్కు. రాకు.

లాకిసన్


జోంబా
జూలై 3

మామయ్యా,

అడుగుతున్నాను.

మా జట్టుతో మాట్లాడాను. మోటారు సైకిలు సంగతి చెబితే ఎవరూ నవ్వలేదు. నముందాని జాబితాలోంచి ప్రస్తుతానికి తీసేశారు. సూదులు రావు. ఆ భయం మీకు ఇక అక్కర్లేదు.

నాన్న సంగతి చెప్పండి. పద్దెనిమిదేళ్ళ దాన్ని. ప్రతి క్రిస్మస్‌కీ ఆయన గనుల నుంచి ఎందుకు రాలేదో ఊహించుకుంటూ పెరిగాను. చంపేశారా?

ఎలుబె


నముందా
జూలై 15

ఎలుబె తల్లికి,

ఈ ఉత్తరం నాలుగుసార్లు చింపాను.

చంపలేదు.

ఫిబ్రవరి నెల, సంత రోజు, పట్టపగలు. బడి ముందు మేమిద్దరం బల్ల వేసుకుని కూర్చున్నాం. జనం వచ్చారు, చేతుల్లో కత్తులున్నాయి. వాళ్ళలో ముందురోజు బిడ్డని పాతిపెట్టినవాళ్ళున్నారు. మీ నాన్నని ఏమీ అడగలేదు. నన్నడిగారు. "లాకిసన్, నువ్వు వీడి పక్కనే ఉంటావు. నువ్వు చెబితే నమ్ముతాం. నెత్తురు తీశాడా, లేదా?"

మీ నాన్న నా వైపు తిరిగి కొంచెం నవ్వాడు. "చెప్పు బావా. లేదు అను, ఇంటికి పోయి అన్నం తిందాం" అన్నాడు.

లేదు అన్న మాట నా నోట రాలేదు. ఎంతసేపు చూశారో తెలియదు. ఎవరో ఇటుక విసిరారు. మీ నాన్న లేచి కొండ వైపు పరుగెత్తాడు. మంచులోకి వెళ్ళిపోయాడు. కొండ ఎక్కి వెతకడానికి ఎవరికీ ధైర్యం లేకపోయింది. అడుగున కాపలా పెట్టారు.

మీ అమ్మ నిన్ను ఎత్తుకుని జోంబా వచ్చేసింది. నెత్తురు పీల్చేవాడి కూతురని నిన్ను ఎవరూ అనకూడదని గనుల కథ చెప్పింది. నన్నూ అదే చెప్పమంది. నాకు చెప్పకుండా ఉండటం కష్టం కాదు.

మూడోనాడు కట్టెలకని ఎక్కాను. దేవదారు పలకలు మోసేవాళ్ళు ఆగే చోట బల్లలా ఒక రాయి ఉంది. అక్కడ మొక్కజొన్న పిండితో వండిన న్సీమా ముద్ద, కందులు, కంచం మీద కంచం మూసి పెట్టి వచ్చాను. పిలవలేదు. కింద కాపలావాళ్ళు వింటారని అనుకున్నాను. నిజం అది సగమే. ఆయన ఎదురుపడితే ఏమనాలో తెలియక.

మర్నాడు కంచం ఖాళీ. కడిగి, బోర్లించి ఉంది. కోతులు కంచం బోర్లించవు కదా. ప్రాణం లేచొచ్చింది. రెండు నెలలు రోజూ పెట్టాను. రోజూ కంచం బోర్లించి ఉండేది. ఒక్క మాట లేదు, నా వైపు నుంచీ, ఆయన వైపు నుంచీ.

ఏప్రిల్‌లో కొత్త పంట వచ్చింది. జనం కడుపులు నిండాయి, కాపలా లేచిపోయింది. నేను రాయి దగ్గరికి వెళ్ళి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, నా జీవితంలో మొదటిసారి గొంతెత్తాను. "బావా, దిగి రా" అని అరిచాను. రాలేదు. మూడు రోజులు అరిచాను. రాలేదు.

పలకలు మోసే మనిషి ఒకడు ఆయన్ని వాగు దగ్గర చూశాడు. వాడు చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"లాకిసన్ పిలుస్తున్నాడు, దిగవేం?" అని అడిగాడట. మీ నాన్న పెదాల మీద వేలు పెట్టుకున్నాడట. తర్వాత గుసగుసగా, "అది లాకిసన్ కాదు. మా బావ గొంతెత్తడం ఎవరన్నా విన్నారా? అది కొండ, నన్ను పరీక్షిస్తోంది" అన్నాడట.

సాపిట్వా శిఖరం దాపున దారి తప్పినవాడికి వండిన అన్నం ఎదురవుతుందని మీ అమ్మ నీకు చెప్పే ఉంటుంది. తినాలి. ఎవరు పెట్టారని వెతకకూడదు. నోరెత్తకూడదు. నోరెత్తితే ఆ అన్నమూ ఉండదు, దారీ ఉండదు. మీ నాన్న ఈ కొండ కింద పుట్టినవాడు. మంచులో ఆకలితో పడి ఉన్నవాడికి రాయి మీద వేడి అన్నం కనబడింది. పక్కన మనిషి లేడు, మాట లేదు. ఇంకేమనుకుంటాడు? అరవై రోజులు కొండ అన్నం తిన్నాను, ఇక నేను కిందివాణ్ని కాదు అన్నాడట.

బావా, నేనే, అని మొదటి రోజు ఒక్కమాట అని ఉంటే చాలు. మాట చెప్పకుండా పిండి దింపిపోయిన లారీలని తప్పుపట్టాను. నేను చేసిందీ అదే.

ఆపితే ఆకలితో పోతాడేమో, పెడితే ఎప్పటికీ దిగడేమో. పదిహేనేళ్ళుగా తేలలేదు. పంట వచ్చాక వారానికోసారి చేశాను, గురువారం గురువారం, ఊరంతా సంతకి పోయినప్పుడు. వారానికి ఒక్క పూట తిండితో మనిషి బతకడని నాకూ తెలుసు. పలకల మనిషి తర్వాత ఆయన్ని చూసినవాళ్ళు లేరు. కంచం మాత్రం ఇప్పటికీ బోర్లించి ఉంటుంది.

అది ఎవరు తింటున్నారో నాకు తెలియదు తల్లీ. కొన్ని గురువారాలు కంచం తీసుకుంటుంటే వీపు మీద ఎవరో చూస్తున్నట్టు ఉంటుంది. నేను తిరిగి చూడను.

లాకిసన్


జోంబా
ఆగస్టు 8

మామయ్యా,

మూడు వారాలు మీకు రాయలేదు. రాస్తే తిట్లే వచ్చేవి.

ఇప్పుడూ వస్తున్నాయి, కానీ సమయం లేదు. ఆగస్టు 17 గురువారం. నేను మీ ఊరి దారిన రాను, కొండకి అవతలి వైపు నుంచి పలకలు మోసేవాళ్ళ బాటన ఎక్కుతాను. దారి కనుక్కున్నాను. ముందురోజు పైన అటవీ గుడిసెలో పడుకుని, పొద్దున్నే ఆ రాయి దగ్గరికి వచ్చేస్తాను. మీరూ రండి. సూదులు తేను, మందులు తేను, చేతులూపుకుంటూ వస్తాను. ఇద్దరం కలిసి వెతుకుదాం. బతికుంటే తీసుకొద్దాం. లేకపోతే ఎముకలైనా దొరుకుతాయి. అప్పుడు తల గొరిగించుకుని ఏడుస్తాను. ఇప్పటిదాకా ఏడవడానికి కూడా నాకు వీల్లేదు, ఏడవాలో వద్దో తెలియక.

రాకపోతే ఊరుకోను.

ఎలుబె


జోంబా
ఆగస్టు 21

మామయ్యా,

ఈ ఉత్తరం కోపంగానే రాస్తున్నాను. నేనూ మీలా మనసులో దాచుకుంటే ఈ ఇంట్లో ఇక ఎవరూ మాట్లాడరు.

గురువారం పొద్దున గుడిసె నుంచి బయల్దేరాను. గంట నడిచేసరికి మంచు దిగింది. నా చెయ్యి నాకే కనబడలేదు. బాట ఎక్కడో జారిపోయింది. దేవదారు చెట్లు మనుషుల్లా ఒకదాని వెనక ఒకటి నిలబడి ఉన్నాయి. ఎంతసేపు తిరిగానో. ఏడుపొచ్చే వేళకి మోకాలికి రాయి తగిలింది. మీరు చెప్పిన రాయే, బల్లలా ఉంది.

దాని మీద కంచం మీద కంచం. పైది తీస్తే ఆవిరి ముఖానికి కొట్టింది.

మీరు వచ్చారు, పెట్టారు, మళ్ళీ దాక్కున్నారు! నా నుంచి కూడానా? చెట్ల వెనక దగ్గు వినిపించింది. ఎండుటాకుల మీద అడుగులు వినిపించాయి, రెండు అడుగులు వేయడం, ఆగిపోవడం. నేను తిరిగితే అవి ఆగేవి. "మామయ్యా" అని నోటిదాకా వచ్చింది. ఈసారైనా ముందు మీరే మాట్లాడాలని పంతం పట్టి నోరు మూసుకు కూర్చున్నాను. ఆకలేసి తిన్నాను. తింటున్నంతసేపూ ఆ చెట్ల వెనక ఎవరో ఊపిరి బిగబట్టి ఉన్నట్టే ఉంది.

ఇంకోమాట. మేనకోడలు పదిహేనేళ్ళకి వస్తే పెట్టేది అదేనా? కందులు అడిగాను, గుమ్మడాకు కూర అడిగాను. ఉడకబెట్టిన అడవి దుంపలు, చేదు ఆకు, తేనెపట్టు ముక్క పెడతారా? దుంపల్లో ఉప్పు రవ్వ కూడా లేదు.

మధ్యాహ్నం దాకా చూశాను. మీరు బయటికి రాలేదు. మంచు కొంచెం తేలగానే కంచం కడిగి బోర్లించి, వచ్చిన దారినే దిగిపోయాను. నాన్నని ఒక్కదాన్నే వెతికే ధైర్యం లేకపోయింది. మీరు పక్కనుంటే ఉండేది.

ఎలుబె


నముందా
సెప్టెంబరు 2

ఎలుబె తల్లికి,

ఆ గురువారం నేను కొండ ఎక్కలేదు.

మంగళవారం కర్ర దగ్గర నాబాండా బుట్ట విప్పారు. నీ ఉత్తరం దొరికింది. సూదులు తేను అని రాశావు కదా. తేను అన్నది ఎవరూ చదవలేదు, సూదులన్నదే చదివారు. నన్ను పెద్ద గారి వాకిట్లో కూర్చోబెట్టారు. శుక్రవారం సాయంత్రం దాకా కదలనివ్వలేదు. ఉత్తరం నా చేతికిచ్చింది కూడా అప్పుడే, గురువారం కొండ మీదికి వస్తున్నావని మాత్రం వాళ్ళు పైకి చదువుతుంటే విన్నాను.

గురువారం పొద్దున ఊరంతా పోగైంది. పెద్ద గారు, "లాకిసన్, ఎవరీ సూదుల పిల్ల?" అన్నారు.

నువ్వు ఆ వేళకి పైన ఒక్కదానివే ఉంటావు. అది తలుచుకున్నాను. "నా మేనకోడలు. మలిసెని కూతురు" అన్నాను. మాట బయటికొచ్చింది. వచ్చాక ఆగలేదు. పట్టీ సంగతి, పిండి సంగతి, రాయి మీది కంచం సంగతి, అన్నీ చెప్పాను. మలిసెని నెత్తురు తీయలేదు, పిల్లలు ఆకలికి పోయారు, ఆ రోజు మీరడిగితే నేను చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను అన్నాను. వెనకాల ఎవరో, "అబ్బో, వీడికి గొంతుందర్రోయ్" అన్నారు. ఒకరిద్దరు నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. అప్పుడు ఇటుక విసిరిన మనిషి ఇప్పుడు ముసలివాడు. ముందుకొచ్చి నా పక్కన నేల మీద కూర్చున్నాడు. "ఇంకా ఉన్నాడంటావా?" అని అడిగాడు. నాకు తెలియదన్నాను.

నీ పేరు కర్ర దగ్గర చెప్పి ఉంచారు. ఇక నువ్వు రోడ్డు మీద రావచ్చు.

తల్లీ, ఆ రోజు నేను ఏమీ వండలేదు. మా ఊరివాళ్ళంతా నా ముందే ఉన్నారు. ఆ దుంపలు మా వైపు దొరకవు. పైన, దేవదార్ల కింద తవ్వుకోవాలి. నేను కందులూ న్సీమా తప్ప ఇంకోటి వండి ఎరగను, ఉప్పు ఎప్పుడూ మరిచిపోను.

కొండ మీదివాళ్ళు ఉప్పు ముట్టరని మా అమ్మ చెప్పేది. ఉప్పు దొరకని మనిషి వంటలోనూ ఉండదు. ఏది నిజమో ఈ ఉత్తరంలో నేను రాయలేను.

నువ్వు మంచులో దారి తప్పావు, నీకు అన్నం ఎదురైంది, నోరెత్తకుండా తిన్నావు. పెట్టినవాళ్ళు కూడా నోరెత్తలేదు. నా జబ్బు మీ ఇద్దరికీ అంటించాను.

రా. ఎన్నిసార్లు రావద్దన్నానో అన్నిసార్లు రా. నేనూ ఎక్కుతాను, కానీ నేను పిలిస్తే నమ్మడు. నువ్వు పిలువు. మూడేళ్ళప్పటి గొంతు ఆయనకి గుర్తుండకపోవచ్చు, కానీ ఇప్పుడు నీది అచ్చం మీ అమ్మ గొంతు. నాన్నా అను. ఎలుబెని అను. జవాబు రాకపోయినా ఆపకు, నోటికొచ్చిందల్లా చెప్పు, చీకటి పడేదాకా చెప్పు.

వచ్చేటప్పుడు ఉప్పు తీసుకురా.

మామయ్య
లాకిసన్